చెరువు గట్టున తెరచాప పందెం



ఈనాడు తెరచాప పడవల పందాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "కోలారు జిల్లాలో పడవ పందెమా? తాగే నీళ్లకే కటకటలాడిన చోట ఇదేం ముచ్చట?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఆ నవ్వులో న్యాయం ఉంది. సముద్రం మనకు దూరం. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ మనకు లేదు. పాలారు నంది కొండల దగ్గర పుట్టి, మన బేతమంగళం మీదుగా, కుప్పం ప్రాంతం దాటి వేలూరు వైపు సాగిపోతుంది. కానీ అందులో మనం నీళ్లు చూసిన రోజులకన్నా ఇసుక చూసిన రోజులే ఎక్కువ.

అయితే మనది చెరువుల సీమ. నది లేని లోటును తీర్చుకోవడానికి మన పెద్దలు ఊరికొక చెరువు తవ్వుకున్నారు. ఒకప్పుడు విజయాదిత్యమంగళం అనిపించుకున్న బేతమంగళం చెరువు వెయ్యేళ్ల చరిత్ర కలది. బంగారు గనులకు ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మంచినీళ్లు అందినదీ అక్కడి నుంచే. ఆ చెరువులు ఎన్నో ఏళ్లు ఎండి, సర్కారు తుమ్మతో నిండిపోయాయి. 2018 జూన్‌లో బెంగళూరులోని కోరమంగళ, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి లక్ష్మీసాగర చెరువులోకి వదిలారు. అక్కడి నుంచి ఒక చెరువు తర్వాత మరొకటి నిండుతూ వచ్చాయి. 2021లో కురిసిన భారీ వర్షాలకు జిల్లాలో ఎన్నో చెరువులు మొరవ పోయాయి. పాలారుకు దిగువన వరద కూడా వచ్చింది.

నీళ్లు తిరిగి వచ్చాయి. కానీ నీళ్లతో మన పిల్లలకున్న చనువు తిరిగి రాలేదు. చెరువు ఎండిన కాలంలో పుట్టి పెరిగిన తరానికి ఈత రాదు, లోతు తెలియదు. ఎండిన రోజుల్లో మట్టి కోసం తవ్విన గుంతలు ఇప్పుడు నీళ్ల కింద కనిపించకుండా ఉన్నాయి. వేసవి సెలవుల్లో, పండగల్లో చెరువులో దిగి పిల్లలు మునిగిపోయారన్న వార్త పేపర్లో చదివి మనం ఎన్నిసార్లు నిట్టూర్చలేదు? "చెరువు దగ్గరికి పోవద్దు" అని గట్టిగా చెబుతాం. పిల్లలు మనకు తెలియకుండా పోతారు. పోవద్దని అనడంకన్నా, పెద్దల కళ్ల ముందు, ఒక పద్ధతి ప్రకారం తీసుకుపోయి నేర్పడం మంచిది కదా? అలా నేర్పడానికి ఉన్న మార్గాల్లో తెరచాప పందెం ఒకటి. అయితే అది పదిమంది ధనికుల వినోదంగా కాక, ఊరందరి ఆటగా మారితేనే మనకు పనికొస్తుంది. దాన్ని అందరి ఆటగా మార్చడం ఎలా అన్నదే ఈ ప్రసంగం.

ముందుగా ఆ పడవ సంగతి చూద్దాం. అందులో ఇంజను లేదు, తెడ్డు వేయనక్కరలేదు. గాలే దాని బలం. వెనుక నుంచి గాలి వీస్తే పడవ ముందుకు పోతుందని అందరికీ తెలుసు. మరి పక్క నుంచి వీస్తే? తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కి చూడండి. వేళ్లు పక్కల నుంచి నొక్కుతాయి, గింజ మాత్రం ముందుకు ఎగిరి పడుతుంది. పడవ కథా అంతే. పైన తెరచాపను గాలి ఒక పక్కకు నొక్కుతుంది. అడుగున నీళ్లలోకి దించిన పలక పడవను ఆ పక్కకు జరగనివ్వదు. రెంటి మధ్యా పడవ ముందుకు జారుతుంది.

గాలికి నేరుగా ఎదురు పోవడం మాత్రం కుదరదు. అలాంటప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు పోయినట్టు, కొంత దూరం ఇటు, కొంత దూరం అటు మలుపులు తిరుగుతూ ఎదురుగాలిలో పైకి పోవాలి. ఎప్పుడు మలుపు తిప్పాలి, గాలి ఎటు మారబోతోంది అన్నది పట్టుకున్నవాడే గెలుస్తాడు. కళ్లంలో రాగులు తూర్పారబట్టే మన రైతుకు ఈ విద్య కొత్తది కాదు. చేట ఎత్తే ముందు గాలి కోసం ఆగి, ముఖానికి తగిలే చల్లదనాన్ని బట్టి దిక్కు గుర్తు పట్టేవాడు నావికుడికి ఏమీ తీసిపోడు. పైగా ఆషాఢంలో మన పీఠభూమి మీద వీచే గాలిని గురించి మీకు వేరే చెప్పాలా? ఆ గాలి ఇన్నాళ్లూ దుమ్ము రేపి వెళ్లిపోతోంది. దాన్ని పనిలో పెట్టవచ్చు.

"ఇదంతా సముద్రం పక్కవాళ్లకు చెల్లుతుంది గానీ మనకెందుకు?" అంటారేమో. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. తెరచాప పందాల్లో మన దేశానికి మూడు పతకాలు వచ్చాయి. అందులో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ ఎక్కడి అమ్మాయి? మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన ఒక రైతు బిడ్డ. ఆ రాష్ట్రానికి ఏ వైపునా సముద్రం లేదు. ఆమె విద్య నేర్చుకున్నది భోపాల్‌లోని పెద్ద చెరువులో. కంచు పతకం తెచ్చిన విష్ణు శరవణన్ మన పాలారు దిగువన ఉన్న వేలూరు ప్రాంతం వాడు, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు సైనికుడు. ఆ దళం కేంద్రం ఉన్నది బెంగళూరు అలసూరు చెరువు దగ్గర. అతను టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో కూడా పాల్గొన్నాడు.

ఇక మన తెలుగు నేల మీది ఉదాహరణ. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో సైనికుల ప్రోత్సాహంతో చాలా కాలంగా తెరచాప పందాలు జరుగుతున్నాయి. కానీ ఆ పడవల్లో బస్తీ పిల్లలు కనిపించేవారు కాదు. 2009లో సుహేమ్ షేక్ అనే ఆయన హైదరాబాద్ యాట్ క్లబ్‌ను ప్రారంభించారు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలను, పేద బస్తీల పిల్లలను తీసుకువచ్చి నేర్పడం ఆ క్లబ్బు ప్రత్యేకత. అమ్మాయిలకు అందులో పెద్ద పీట వేశారు. ఆ క్లబ్బులో పడవ పట్టిన కొంగర ప్రీతి, సుధాంశు శేఖర్‌తో జంటగా 2023 ఆసియా క్రీడల్లో దేశం తరఫున పందెంలో దిగింది. హుస్సేన్‌సాగర్ కూడా మన చెరువుల్లాంటిదే. పదహారో శతాబ్దంలో కట్ట కట్టి నిలిపిన చెరువు. అది అక్కడ సాధ్యమైతే ఇక్కడ ఎందుకు కాదు?

ఇంత చక్కని ఆటను ఇంత తక్కువ మంది ఎందుకు ఆడుతున్నారో ఇప్పుడు చూద్దాం. మన దగ్గరే కాదు, సముద్రం ఉన్న దేశాల్లో కూడా సెయిలింగ్ క్లబ్బుల వాళ్లు కొత్త ముఖాలు రావడం లేదని వాపోతుంటారు. దానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది ఖర్చు. పడవ కొనుక్కున్నవాడే ఆడాలంటే ఎవరు ఆడగలరు? రెండోది విసుగు. పందెం ఎక్కడో నడి నీళ్లలో గంటల తరబడి సాగుతుంది. గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఎవరు ముందున్నారో, ఎందుకున్నారో అర్థం కాదు. మూడోది చిన్నతనం. కొత్తగా చేరినవాడు ప్రతి పందెంలోనూ ఆఖరుగా వస్తాడు. నాలుగు ఆదివారాలు అలా వచ్చాక ఐదో ఆదివారం ఇంట్లోనే ఉండిపోతాడు.

మన బంగారు గనుల పట్టణంలోనే దీనికి ఒక పాఠం ఉంది. ఇంగ్లీషు దొరల కాలంలో కె.జి.ఎఫ్.లో క్లబ్బు వెలిసింది, గోల్ఫు మైదానం వెలిసింది. అదే ఊళ్లో గని కార్మికుల లైన్ల మధ్య ఫుట్‌బాల్ కూడా పెరిగింది. వీటిలో ఏది ఊరి ఆట అయింది? ఫుట్‌బాలే. ఒక్క బంతి ఉంటే ఇరవై మంది ఆడవచ్చు, రెండు వందల మంది చూడవచ్చు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలు కలిసి ఒకే జట్టులో ఆడవచ్చు. గోల్ఫుకు గోడ ఉంది, బంతికి లేదు. గనులు 2001లో మూతపడ్డాయి. అయినా ఆట మీద ఆ ఊరి ప్రేమ మూతపడలేదు.

గల్లీ క్రికెట్ చూడండి. బ్యాటు ఒక్కరిదే, ఆట అందరిదీ. ఐదు రోజుల ఆటను అరగంటకు కుదించాం. గోడ దాటితే అవుట్ అని మన సందుకు తగిన నియమం పెట్టుకున్నాం. చిన్న తమ్ముడికి ఒక బంతి ఎక్కువ వేస్తాం. ఇలా మలచుకోబట్టే అది మన ఆట అయింది. తెరచాప పందాన్ని కూడా ఇలాగే మలచుకోవాలి.

మొదటి మాట, పడవ ఎవరి సొంతమూ కాకూడదు. పాఠశాలదో, పంచాయతీదో, సంఘానిదో కావాలి. మనలో చాలామంది సైకిలు ఎలా నేర్చుకున్నాం? గంటకు ఇంత అని అద్దెకు తెచ్చుకుని. ఎవరి సైకిలు వాళ్లు కొనుక్కున్నాకే నేర్చుకోవాలని పట్టుబడితే సగం ఊరికి ఈనాటికీ సైకిలు వచ్చేది కాదు. పిల్లల కోసమే ఒక చిన్న పడవ ఉంది, దాని పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్లో పిల్లలకు చవకగా ఒక పడవ కావాలని కొందరు పెద్దలు కోరితే, క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రీ ప్లైవుడ్ పలకలతో దాన్ని తయారు చేశాడు. పొడవు రెండున్నర మీటర్లకు లోపే. బరువు సుమారు 35 కిలోలు, అంటే ఇద్దరు పెద్దవాళ్లు సులువుగా మోయగలరు. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఒక్కొక్కరే దాన్ని నడుపుతారు. ఇవాళ వందకు పైగా దేశాల్లో పిల్లలు దానితోనే ఓనమాలు దిద్దుకుంటున్నారు. పెద్ద పిల్లలకు ఇల్కా అనే పడవ ఉంది. పూర్వం దాన్ని లేజర్ అనేవారు. దాని సుగుణం ఏమిటంటే పడవ ఒక్కటే, తెరచాపలు మూడు సైజుల్లో ఉంటాయి. బరువు తక్కువ ఉన్న అమ్మాయికి చిన్న తెరచాప, బలమైన యువకుడికి పెద్ద తెరచాప కట్టుకోవచ్చు. ఒకే పడవను పొద్దున ఒకరు, సాయంత్రం మరొకరు వాడుకోవచ్చు.

రెండో మాట, పందెం చిన్నదిగా ఉండాలి, కంటికి దగ్గరగా ఉండాలి. మూడు రంగు డబ్బాలు తేలేలా కట్టి, చెరువు కట్టకు దగ్గరగా ముక్కోణం గుర్తు పెట్టుకుంటే చాలు. ఒక్కో పందెం పదిహేను, ఇరవై నిమిషాల్లో ముగియాలి. ఒక పూటలో ఐదారు పందాలు జరగాలి. ఒక్కో పందెం అయ్యాక పిల్లలు పడవలు మార్చుకోవాలి. అప్పుడు "వాడి పడవ మంచిది కాబట్టి గెలిచాడు" అనే మాట ఉండదు. మన చెరువు కట్టకన్నా మంచి గ్యాలరీ ఏ నగరంలో ఉంది? కట్ట మీద ఊరంతా కూర్చోవచ్చు. ఒక మైకు పట్టుకుని తెలుగులో, కన్నడంలో వ్యాఖ్యానం చెప్పేవాడు ఉంటే గాలి మారిన సంగతి, ఫలానా పడవ ముందే మలుపు తిప్పి లాభం పొందిన సంగతి ముసలమ్మకు కూడా అర్థమవుతుంది.

మూడో మాట, ఓడినవాడికి మళ్లీ రావాలనిపించాలి. దీనికి ఈ ఆటలోనే ఒక చక్కని ఏర్పాటు ఉంది. మొదట వచ్చినవారికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, మూడో స్థానానికి మూడు. చివర్లో తక్కువ పాయింట్లు ఉన్నవారే విజేత. అన్ని పందాల్లో బాగా చెడిపోయిన ఒకదాన్ని లెక్కలోంచి తీసేస్తారు. నేహా ఠాకూర్‌కు హాంగ్‌జౌలో పదకొండు పందాల్లో 32 పాయింట్లు వచ్చాయి. ఐదో స్థానంలో మిగిలిన ఒక పందాన్ని తీసేయగా 27 నిలిచాయి. ఒకరోజు గాలి కలిసిరాలేదని ఎవరినీ తోసిపుచ్చకుండా ఉండటం ఎంత మంచి నియమమో ఆలోచించండి. పరీక్షల్లో కూడా ఇలా ఉంటే బాగుండునని పిల్లలు అనుకుంటారేమో!

తరుముడు పందెం అని ఇంకో రకం పెట్టుకోవచ్చు. అందులో కొత్తవాళ్లు ముందు బయలుదేరతారు. చేయి తిరిగినవాళ్లు కొన్ని నిమిషాలు ఆగి బయలుదేరి వాళ్లను తరుముతారు. నిర్ణయించిన వేళకు గంట కొట్టగానే ఎవరు ముందుంటే వాళ్లే విజేత. దీనివల్ల కొత్తవాళ్లు పందెంలో చాలాసేపు అందరికన్నా ముందుంటారు. ముందు పోవడంలోని రుచి ఒకసారి తెలిసిన పిల్లవాడు మళ్లీ రాకుండా ఉండడు. కొత్తవాడి వెంట అనుభవం ఉన్నవాడిని కూర్చోబెట్టే ఇద్దరి పడవల పందెం, బడికీ బడికీ మధ్య జట్టు పందెం కూడా పెట్టవచ్చు.

నియమాల పుస్తకం లావుగా ఉంటుందని భయపడనక్కరలేదు. మొదట్లో మూడు చాలు. పడవలో ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు గాలి కుడి పక్క నుంచి వచ్చే పడవకు, ఎడమ పక్క నుంచి గాలి తగిలే పడవ దారి ఇవ్వాలి. రెంటికీ ఒకే పక్క గాలి ఉండి, పక్కపక్కన పోతుంటే, గాలికి పైన ఉన్నది కింద ఉన్నదానికి దారి ఇవ్వాలి. వెనుక వచ్చేది ముందున్నదాన్ని గుద్దకూడదు. ఈ మూడు నేర్చిన పిల్లవాడు రేపు రోడ్డు మీద బండి కూడా మర్యాదగా నడుపుతాడు.

నీళ్లలో దిగనివాళ్లకు కూడా పని ఉంది. పందెం మొదలవడానికి ఐదు నిమిషాల ముందు, నాలుగు నిమిషాల ముందు, ఒక్క నిమిషం ముందు జెండాలు ఎత్తడం, దించడం ఉంటుంది. గడియారం చూసేవారు, పాయింట్లు రాసేవారు, తెరచాపలు కుట్టేవారు, పడవకు మరమ్మతు చేసే వడ్రంగి, అందరికీ చోటు ఉంది. తల్లులు కట్ట మీద కూర్చుని చూడటమే కాదు, జెండా పట్టుకోవచ్చు.

శ్రోతలారా, ఉత్సాహంలో జాగ్రత్త మరిచిపోకూడదు. ఇందులో రాజీ పడకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ఈత నేర్చుకోనిదే ఎవరికీ పడవ ఇవ్వకూడదు. ఈత వచ్చినా సరే, తేలే జాకెట్టు బిగించుకోనిదే గట్టు దాటనివ్వకూడదు. పిల్లలు నీళ్ల మీద ఉన్నంతసేపూ ఒక మోటారు పడవ సిద్ధంగా తిరుగుతూ ఉండాలి. చిన్న పడవ బోల్తా పడటం మామూలే. గాలి సంచులు ఉంటాయి కాబట్టి అది మునగదు. పడవను వదలకుండా పట్టుకుని, అడుగు పలక మీద బరువు వేసి తిప్పుకోవడం మొదటి రోజు పాఠం కావాలి. చెరువులో తుమ్మ మొద్దులు, తవ్విన గుంతలు, పాత బావులు ఎక్కడున్నాయో ముందే చూసి గుర్తులు పాతాలి.

ఆ చెరువు లోతు ఎవరికి తెలుసు? చేపలు పట్టేవాళ్లకు. చెరువుల్లో చేపల హక్కు కౌలుకు తీసుకున్న కుటుంబాలు ఉంటాయి. వాళ్ల వలలకు నష్టం కలగకుండా, వాళ్లను అడిగి, వాళ్లకు కూలి ఇచ్చి రక్షకులుగా పెట్టుకోవాలి. పుట్టి మీద నిలబడి వల విసిరే మనిషికన్నా మంచి గురువు మనకు దొరకడు.

అన్నింటికన్నా ముఖ్యం నీటి శుభ్రత. బెంగళూరు నుంచి వచ్చే నీళ్లు రెండు దశల్లో శుద్ధి చేసినవి, భూగర్భ జలం పెంచడానికి ఉద్దేశించినవి. మూడో దశ శుద్ధి కూడా కావాలని జిల్లా ప్రజలు అడుగుతూనే ఉన్నారు. పడవ నేర్చుకునే పిల్లవాడు బోల్తా పడతాడు, నోట్లోకి గుక్కెడు నీళ్లు పోతాయి. కాబట్టి నీళ్లను పరీక్ష చేయించి, ఒంటికి తగిలినా ప్రమాదం లేదని తేలిన చెరువులోనే పిల్లలను దించాలి. తాగడానికి వాడే చెరువైతే సంబంధిత శాఖ అనుమతి లేకుండా అసలు దిగకూడదు. ఇందులో ఇంకో లాభం ఉంది. మన బిడ్డలు ఆడుకునే నీళ్లు ఎలా ఉన్నాయని తల్లిదండ్రులు నెలనెలా అడగడం మొదలుపెడితే, ఆ చెరువును ఆక్రమించడం, చెత్త పోయడం అంత తేలిక కాదు. పిల్లలు లేని చెరువుకు అడిగే దిక్కు ఉండదు.

మరి మొదలు ఎక్కడ? పెద్ద పథకం కోసం ఎదురు చూడనక్కరలేదు. ముందు ఒక చెరువును ఎంచుకుని నీళ్లు పరీక్ష చేయించండి. వేసవి సెలవుల్లో, లోతు తెలిసిన చోట, పెద్దల మధ్య ముప్పై మంది పిల్లలకు ఈత నేర్పించండి. అందులో సగం మంది ఆడపిల్లలు ఉండేలా చూడండి. నాలుగు చిన్న పడవలు, ఒక రక్షణ పడవ, శిక్షణ పొందిన ఒక గురువు, అంతే చాలు. హైదరాబాద్ వెళ్లి అక్కడి పద్ధతి చూసి రావచ్చు. బెంగళూరులో ఈ విద్య తెలిసిన విశ్రాంత సైనికులు ఉన్నారు. ఆషాఢపు గాలి లేచేసరికి పిల్లలు సిద్ధమవుతారు. గాలి మరీ ఎక్కువైన రోజు పందెం ఆపేయడం కూడా వాళ్లకు నేర్పాలి. ఆగడం తెలిసినవాడే నావికుడు.

వీళ్లలో ఒకరు ఒలింపిక్స్‌కు పోతారా, పోరా అన్నది నేను చెప్పలేను. పోకపోయినా ఫరవాలేదు. ముప్పై మందికి ఈత వస్తుంది. నీళ్లంటే భయమూ పోతుంది, నిర్లక్ష్యమూ పోతుంది. తోటి పిల్లవాడు జారిపడితే ఏం చేయాలో తెలిసినవాళ్లు ఊళ్లో ముప్పై మంది ఉంటారు. పతకం వస్తే మంచిదే. మన చెరువుల్లో ఒక్క బిడ్డ ప్రాణం నిలిచినా, పడవలకు పెట్టిన ఖర్చు వృథా పోనట్టే.

మీ ఊరి చెరువు కట్ట మీద ఈ సాయంత్రం కాసేపు కూర్చుని చూడండి. గాలి ఎటు నుంచి వీస్తోందో, కట్ట మీద నుంచి ఎంత దూరం కనిపిస్తోందో గమనించండి. పిల్లలను అడగండి, వాళ్లలో ఎంతమందికి ఈత వచ్చో. వచ్చే జవాబును బట్టి ఏం చేయాలో మీకే తోస్తుంది.